గోరింక గారి తలుపు

నాలుగో అంతస్తులో కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఆ అమ్మాయిని ఆఫీసులో అందరూ భూతద్దం అనేవారు. ఎదుటివాళ్ళ చొక్కా గుండీ ఊడకముందే, అది ఊడబోతోందని చెప్పేస్తుంది కాబట్టి ఆ పేరు. ఇంట్లో వాళ్ళమ్మది ఇంకో మాట: “దీని నోట్లో నువ్వుగింజ నానదు.” కళ్ళు పెద్దవై, నోరు అంతకంటే పెద్దదైతే ఒక ఇల్లు ఏమవుతుందో భూతద్దానికి పద్నాలుగో ఏటనే తెలిసింది. తెలిసి ఏం లాభం, అప్పటికే చేతులు కాలిపోయాయి.

ఆ నెల వాళ్ళ చేతిలో ఉన్నది ఒక పార్సిళ్ళ కంపెనీ పని. కంపెనీవాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్నారు. అది సరిగ్గా నడుస్తుందో లేదో చూడాలంటే మనం కూర్చుని కల్పించిన ఉత్తుత్తి వివరాలు సరిపోవు. నిజం మనుషులు రాసే తిక్క తిక్క చిరునామాలు, సగం నింపి వదిలేసిన ఫారాలు, ఒకే మనిషి మూడు రకాలుగా రాసుకున్న పేర్లు పడితేనే దాని దమ్మెంతో తెలుస్తుంది. అలాగని ముక్కూ మొహం తెలియని రెండు లక్షల మంది ఇళ్ళ గుట్టు తెచ్చి టెస్టర్ల ముందు కుమ్మరించలేరు కదా. అందుకే మధ్యలో ముసుగు మాస్టారు ఉండేవాడు.

ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఎదురుపడ్డవాడికల్లా పాఠం చెబుతాడు కాబట్టి మాస్టారు. వరండా చివర అద్దాల గది ఆయనది. అసలు వివరాలు మొదట ఆ గదిలోకి వెళ్తాయి, ముసుగు వేసుకుని బయటికి వస్తాయి. ఫోను నెంబర్లలో అంకెలు తారుమారవుతాయి. పుట్టినరోజులు నాలుగు నెలలు ముందుకో వెనక్కో జరుగుతాయి. ఊళ్ళన్నీ రంగులైపోతాయి. మనుషులందరూ పిట్టలైపోతారు, ఒక్కో పిట్టకు ఒక నెంబరు. ఒక మనిషికి ఒకసారి ఏ పిట్ట పడిందో, కంపెనీ కాగితాల్లో ఎక్కడ చూసినా అదే పిట్ట ఉంటుంది. ఏ పిట్ట ఎవరో చెప్పే జాబితా మాస్టారి కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

“కన్ను చూసిందాన్ని నోరు ఎంతసేపని ఆపుతుంది? అందుకే ముసుగు నోటికి కాదు, కంటికి వెయ్యాలి,” అనేవాడాయన.

కాబట్టి టెస్టర్ల మధ్య మాటలు ఇలా ఉండేవి: “కొంగ గారి పార్సిలు ఒకేసారి రెండు వ్యాన్లు ఎక్కింది చూడు.” “డేగ గారి మంచం పావురం గారింట్లో దిగింది, సాఫ్ట్‌వేర్ తప్పా, డ్రైవర్ తప్పా?” కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం పగలబడి నవ్వేవారు. రెండో వారానికి వాళ్ళకీ కొంగ గారి మీద కోపం వచ్చేది.

భూతద్దానికి అప్పజెప్పిన పని చిన్నది. పార్సిలు తెప్పించుకునేవాళ్ళు డ్రైవర్‌కు ఏవేవో సూచనలు రాస్తారు. అవి మరీ పొడుగైతే డ్రైవర్ ఫోనులో తోక తెగిపోతోంది. పొడుగాటి సూచనలన్నీ ఏరి, ఎక్కడ తెగుతున్నాయో చూడాలి. వీటికి కూడా మాస్టారు ముసుగు వేసే పంపాడు. ఆయన రాసిన ప్రోగ్రాము ఆ వాక్యాల్లో దూరి పేరు, నెంబరు, వీధి ఏది కనబడినా మార్చేస్తుంది. మిగతా మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. “మా కుక్క కరవదు, అయినా పరిగెత్తకండి.” “మెట్లు దిగలేను, తాడుతో సంచి దింపుతాను, అందులో వెయ్యండి.” “పక్కింటావిడకి ఇవ్వొద్దు. ఇస్తే విప్పి చూస్తుంది.” నవ్వుకుంటూ చదువుతోంది భూతద్దం. బుధవారం మధ్యాహ్నం, గోరింక 718, ఊదా ఊరు దగ్గరికి వచ్చింది.

“గంట కొట్టకండి, పాప పడుకుని ఉంటుంది. రెండుసార్లు తట్టి, కాసేపు ఆగి, ఇంకోసారి తట్టండి. అలా తడితేనే తీస్తాను.”

ఆమె నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. మళ్ళీ చదివింది. చేతివేళ్ళు బల్ల మీద వాటంతట అవే కదిలాయి. రెండు, ఆగి, ఒకటి.

ఆ తట్టుడు వాళ్ళింటిది. అమ్మ బట్టలు కుట్టేది, ఇప్పటికీ కుడుతుంది. కుట్టుపనివాళ్ళ మాట సంగతి లోకానికి తెలిసిందే. రేపు రండి అన్నదంటే వచ్చే వారం అని అర్థం చేసుకోవాలి. కుట్టడం కాని బట్టల తాలూకు మనుషులు వచ్చి తలుపు బాదుతుంటే, అమ్మ లోపల ఊపిరి బిగబట్టి ఇంట్లో లేనట్టు కూర్చునేది. బడి నుంచి వచ్చిన పిల్లలు కూడా బయటే నిలబడాల్సి వస్తుంటే, అక్క ఆ ఉపాయం కనిపెట్టింది. రెండు తట్టులు, కాస్త ఆగి ఒకటి. అది వింటే అమ్మ మిషను ఆపి తలుపు తీసేది. ఆ తట్టుడు అక్కకూ చెల్లెలికీ అమ్మకూ తప్ప నాలుగో మనిషికి తెలియదు.

అక్క వెళ్ళిపోయి పదకొండేళ్ళు.

దానికి కారణం ఎవరో భూతద్దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కకు చిన్న తాళం ఉన్న నోట్‌బుక్కు ఒకటి ఉండేది. చెల్లెలు ఒకరోజు మిషను సూదితో ఆ తాళం తీసింది. తీసి ఊరుకుందా, రాత్రి అన్నాల దగ్గర అక్క గొంతును అనుకరిస్తూ పైకి చదివింది, అందరూ నవ్వుతారనుకుని. నర్సు చదువు రెండు నెలల కిందటే మానేశానని అందులో ఉంది. ప్రింటింగ్ ప్రెస్సులో పనికి కుదిరానని ఉంది. అక్కడ పనిచేసే ఒకతన్ని పెళ్ళి చేసుకుంటానని ఉంది. కళ్ళు పోయేలా కుట్టి చదివిస్తున్న అమ్మ, చేతిలో ముద్ద కంచంలో పడేసి లేచింది. మాట మీద మాట పెరిగింది. “ఈ గడప దాటావంటే నీకు మళ్ళీ ఈ తలుపు తీసేది లేదు,” అంది అమ్మ. అక్క దాటింది.

నోట్‌బుక్కు మాత్రం మిషను కింద పడి ఉండిపోయింది. చెల్లెలు అప్పుడు చివరి పేజీ చదివింది. “ఆదివారం అమ్మకి అంతా నేనే చెబుతాను,” అని ఉంది అక్కడ. ఇంకో మూడు రోజులు ఆగి ఉంటే ఆదివారం వచ్చేది.

తర్వాత వాళ్ళు రెండు ఇళ్ళు మారారు. అమ్మ ఫోను నెంబరు మాత్రం మారలేదు. సిగ్నల్ సరిగా అందక చుట్టుపక్కల వాళ్ళంతా వేరే కంపెనీకి మారినా, ఈవిడ కిటికీలోంచి సగం బయటికి వంగి మాట్లాడింది గాని నెంబరు మార్చనివ్వలేదు. అక్క పేరు ఎత్తేది కాదు. ఇప్పుడున్న ఇంటికి గంట ఉంది, వచ్చినవాళ్ళు దాన్నే నొక్కుతారు. అయినా ఏ పక్కింటి పిల్లో తలుపు తట్టిందంటే చాలు, లోపల మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగేది. తప్పుడు తట్టుడని తేలాక మళ్ళీ మొదలయ్యేది. ఆ ఒక్క క్షణం భరించడం భూతద్దం వల్ల అయ్యేది కాదు. ఏడుపు వచ్చేది.

అందుకే ఆ బుధవారం చేయాల్సిన పని ఆమె చేయలేదు. ముసుగులోంచి మనిషి కనబడితే ఆ క్షణమే చెప్పాలని రూలు. ఆమె చెప్పలేదు. గోరింక 718 అని కొట్టి వెతికింది. ఒకే మనిషికి ఒకే పిట్ట కదా, నాలుగేళ్ళ పార్సిళ్ళు వరసగా వచ్చి నిలబడ్డాయి.

నాలుగు రోజులు అదే పని. పాప బూట్లు మొదట అరచేతిలో పట్టే సైజు, తర్వాత ఇంకొంచెం పెద్దవి, మొన్నటివి స్కూలు బూట్లు. దారపు రీళ్ళు, డజన్ల కొద్దీ. కుట్టుమిషను బెల్టు. అక్క కూడా కుడుతోందన్నమాట! అమ్మకు ఇష్టమైన నీలం దారమే ఎక్కువ. వాన కోట్లు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మూడోది లేదు. ఆ ప్రెస్సు అతను ఏమయ్యాడు? ఊళ్ళో లేడా? వాన కోటు వేసుకోని రకమా? ఒకసారి జ్వరం చూసే గొట్టం అర్జెంటుగా తెప్పించుకుంది. ఆ తర్వాత మూడు వారాలు ఏ పార్సిలూ లేదు. ఎప్పుడో రెండేళ్ళ కిందటి ఆ మూడు వారాలు తలుచుకుని భూతద్దం ఇప్పుడు అన్నం సయించక లేచిపోయింది. నాలుగో వారంలో రంగు పెన్సిళ్ళ డబ్బా కనబడ్డాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

వెళ్ళాలనిపించింది. ఆ పాప మొహం చూడాలని, అక్క వెనక నుంచి వెళ్ళి కళ్ళు మూయాలని, చిన్నప్పటిలా ఆ జడలో మొహం పెట్టుకుని పడుకోవాలని కోరిక పుట్టింది. ఊదా ఊరు అంటే ఏ ఊరు? ఇరవై అడుగుల దూరంలో అద్దాల గది ఉంది. అందులో కంప్యూటర్ ఉంది. మాస్టారికి ఒక్క నిమిషం పని.

సోమవారం పొద్దున మళ్ళీ ఆ జాబితా తెరిచి, ఇంకో పేజీకి వెళ్ళబోతుంటే ఆమె వేలు ఆగిపోయింది. తను చేస్తున్నదేమిటో అప్పుడు తట్టింది. ఇది అక్క నోట్‌బుక్కు. తాళం ఉన్నదే. మళ్ళీ తనే తీసింది, మళ్ళీ పేజీలు తిప్పుతోంది. పదకొండేళ్ళలో చేతిలో సూది మారిందంతే. అమ్మ నెంబరు అక్కకు తెలుసు. కావాలనుకుంటే ఎప్పుడో ఫోను చేసేది. తలుపు ఎవరికి తీయాలో రాసుకున్న మనిషి తలుపు దగ్గరికి, అడ్డదారిలో వెళ్ళి నిలబడడానికి తనెవరు?

జాబితా మూసేసి టీమ్ లీడర్ దగ్గరికి వెళ్ళింది.

టీమ్ లీడర్‌కు శుక్రవారంలోగా పని ముగించాలనే ధ్యాస తప్ప ఇంకోటి లేదు. ఆ వాక్యం చదివి కళ్ళజోడు తీసింది. “పేరు లేదు, నెంబరు లేదు, వీధి లేదు. తలుపు ఎలా తట్టాలో రాసిందంతే కదా! దీన్ని బట్టి మనిషిని గుర్తుపడతారా ఎవరైనా? గోరంతని కొండంత చెయ్యకు తల్లీ.”

“గుర్తుపడతారు మేడమ్.”

“అయితే ఫారంలో రాసివ్వు. ఎలా గుర్తుపడతారో కూడా రాయాలి. లేకపోతే మాస్టారు ఒప్పుకోడు.”

ఫారంలో ఆ ప్రశ్న ఆరోది. ఈ వివరాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టే వీలుందా, ఉంటే ఎలా? భూతద్దం దాని ముందు చాలాసేపు కూర్చుంది. రాస్తే ఈ పని తన చేతిలోంచి పోతుంది. తెలిసినవాళ్ళ వివరాలున్న పనిలో ఎవరినీ ఉంచరు. గోరింక 718 ఇక కనబడదు. పాప బూట్లు ఎంత పెరిగాయో ఇక తెలియదు. రాయకపోతే ఆ వాక్యం అలాగే ఉంటుంది, ఎప్పుడు చూసుకోవాలన్నా ఉంటుంది. ఆమె రాసింది. “ఉంది. నేను గుర్తుపట్టాను. ఈ తట్టుడు మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఈవిడ మా అక్క. నాలుగు రోజులు చెప్పకుండా ఆవిడ పార్సిళ్ళ వివరాలు చదివాను. అది నా తప్పు.”

గంట తిరక్కుండా మాస్టారు అద్దాల గదిలోకి పిలిచాడు. ఫారం ఆయన చేతిలో ఉంది. ఎప్పుడూ పాఠాలు చెప్పే మనిషి ఆ రోజు మాట్లాడడానికి తడబడ్డాడు.

“తప్పు నాదేనమ్మా. పేర్లు, నెంబర్లు, వీధులు అన్నీ ఏరేశాననుకున్నాను. మనిషి తలుపు కొట్టించుకునే తీరులో కూడా ఉంటుందని నాకు తట్టలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఏ గంగలో కలిసిందో.” ఆయన కుర్చీ కంప్యూటర్ వైపు సగం తిరిగి ఆగింది. “ఒక మాట చెబుతాను, విను. నన్ను అడక్కు. నువ్వు అడిగితే చెప్పేస్తానేమోనని భయంగా ఉంది.”

జాబితా ఆయన భుజం వెనకే ఉంది. ఆమెకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

“అడగను మాస్టారూ. మా అక్క గుట్టు ఒకసారి నేను బయటపెట్టాను. ఇప్పుడు తనే చెబితే వింటాను. లేకపోతే లేదు.”

ఆయన కళ్ళు తుడుచుకుని, అది కనబడకుండా ఉండాలని కాబోలు, ముక్కు కూడా గట్టిగా చీదాడు. “రూలు ప్రకారం పార్సిళ్ళ కంపెనీ ఆవిడకు ఉత్తరం రాయాలి. ఏం బయటపడింది, ఎవరు చూశారు, ఎంతవరకు చూశారు, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ ఉత్తరం నేనే రాసిస్తాను. నువ్వు చూడకూడదు. ‘ఆమె మీ చిరునామా అడగలేదు’ అని అందులో రాయొచ్చా?”

“రాయండి,” అంది.

ఆ సాయంత్రమే ఆమెను నీళ్ళ సరఫరా వాళ్ళ పనికి మార్చారు. నాలుగు రోజుల దాపరికానికి హెచ్చరిక కాగితం కూడా చేతికిచ్చారు. మాస్టారు మాటలన్నీ దాచెయ్యడంతో సూచనల వరస మొత్తం చుక్కలు చుక్కలైపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. కుక్క కరవదని రాసినవాళ్ళు, తాడుతో సంచి దింపేవాళ్ళు, గోరింక గారు అందరూ చుక్కల వెనక్కి వెళ్ళిపోయారు.

ఇక ఎదురుచూపులు. ఉత్తరం చేరడానికి మూడు రోజులు, చదవడానికి ఒకరోజు అని వేళ్ళు మడిచింది. వేళ్ళు అయిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది. ఇంట్లో అమ్మ ఎదురుగా కూర్చుని, అమ్మ దారం కొరుకుతుంటే చూస్తూ, చెప్పకుండా ఉండడం మాటలు కాదు. నీకో మనవరాలుందే అమ్మా, స్కూలు బూట్లు వేసుకుంటోంది అని నాలుక చివరిదాకా వచ్చేది. చెబితే ఇంకోసారి అక్క మాట అక్క నోటి నుంచి లాక్కున్నట్టే. మింగేది.

“ఏమిటే, నోట్లో ఏదో దాచుకున్నదానిలా తిరుగుతున్నావు?” అంది అమ్మ ఒకరోజు.

“పన్ను నొప్పి.”

“లవంగం పెట్టుకో,” అని అమ్మ మళ్ళీ మిషను తొక్కింది.

పంతొమ్మిదో రోజు, ఆఫీసుకు సెలవు. మధ్యాహ్నం మూడయింది. అమ్మ ఎవరివో బూడిద రంగు ప్యాంట్ల గుడ్డ బల్ల మీద పరిచి సుద్దతో గీత గీయబోతోంది. ఫోను మోగింది. చేతులెప్పుడూ ఖాళీ ఉండవు కాబట్టి అమ్మ ఫోను స్పీకర్‌లో పెట్టి బల్ల మీదే ఉంచుతుంది.

“హలో. ఎవరండీ? ప్యాంట్లు రేపు ఇస్తాను. హలో? మాట్లాడరేం?”

 అవతల ఏదో చప్పుడు. వేలి గోటితో ఫోను మీద కొట్టినట్టు రెండుసార్లు. ఆగింది. ఇంకోసారి.

అమ్మ చేతిలో సుద్ద అలాగే ఉండిపోయింది. భూతద్దం పక్క గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.  అమ్మది ఎప్పటి గొంతే.

“తీసే ఉందే. ఎప్పటి నుంచో తీసే ఉంది. మొద్దు మొహమా, ఇన్నేళ్ళు పట్టిందా నీకు తట్టడానికి?”

అవతల ఏడుపు. ఇవతల ఏడుపు. మధ్యలో ఎవరో చిన్నపిల్ల “అమ్మా, ఎవరు?” అని అడగడం వినబడింది. అమ్మ ఆ గొంతు విని కుర్చీలో కూలబడిపోయింది.

ఏడుపు తగ్గాక అక్క అడిగింది. “చిన్నది ఉందా?”

“ఉన్నానక్కా.”

“ఉత్తరం వచ్చింది. పది రోజులు దిండు కింద పెట్టుకున్నాను.” అవతల కాగితం విప్పిన చప్పుడు. “అడగలేదట కదా నువ్వు.”

“లేదు.”

“నోట్లో నువ్వుగింజ నానని దానివి, నువ్వే?”

“చచ్చేంత అడగాలనిపించిందక్కా. పార్సిళ్ళు చూశాను, ఆ తప్పు చేశాను. అది మాత్రం అడగలేదు. అమ్మకి కూడా చెప్పలేదు.”

అమ్మ తల తిప్పి చిన్న కూతురి మొహంలోకి చూసింది. పన్ను నొప్పి సంగతి అప్పుడు అర్థమైనట్టుంది. దగ్గరికి రమ్మని చెయ్యి చాపింది.

“కాగితం తీసుకో,” అంది అక్క. “నేనే చెబుతాను. రాసుకో.”

ఆ గదిలో కత్తెరలున్నాయి, సూదులున్నాయి, గుండీల డబ్బాలున్నాయి, కాగితం ముక్క మాత్రం చేతికి తగల్లేదు. వెతుకుతూ కూర్చుంటే అక్క మనసు మారుతుందేమోనని భూతద్దానికి భయం వేసింది. అమ్మ చేతిలో సుద్ద లాక్కుని ఆ బూడిద రంగు గుడ్డ మీదే రాసింది. ఇంటి నెంబరు, వీధి, ఊరు. ఆ ఊరికీ ఊదా రంగుకీ ఏ పొత్తూ లేదు. మామూలప్పుడైతే పరాయివాళ్ళ గుడ్డ మీద మరక పడితే అమ్మ ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు ముడతలు పడకుండా రెండు అరచేతులతో ఆ గుడ్డను అదిమి పట్టుకుంది.

తర్వాత కాగితం దొరికింది, చిరునామా అందులోకి ఎక్కించారు కూడా. అయినా ఆ గుడ్డ మీద కత్తెర పెట్టడానికి అమ్మకు చెయ్యి రాలేదు. దాని తాలూకు మనిషి రెండుసార్లు వచ్చి గంట కొట్టి, తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన ప్యాంట్లు ఇంకో రెండు వారాలు ఆలస్యమయ్యాయి.